ప్రొలాక్టిన్ పరీక్ష: అంకె ఒక్కటే చాలదు

మెదడు అడుగున బఠాణీ గింజంత పరిమాణంలో ఉండే పీయూష గ్రంథి ముందు భాగం నుంచి రక్తంలోకి విడుదలయ్యే హార్మోనే ప్రొలాక్టిన్. బాలింతకు పాలు పడేటట్లు చేయడం దీని ముఖ్యమైన పని కనుక ఇది స్త్రీలకే పరిమితమని చాలామంది అనుకుంటారు గాని, పురుషుల రక్తంలోనూ ఇది కొద్దిపాటి మోతాదులో ఎప్పుడూ ఉంటుంది. జంతువుల్లో దీని ఉనికి 1928లోనే తెలిసినా, మనుషుల్లో గ్రోత్ హార్మోనుకు కూడా పాలు పడేటట్లు చేసే గుణం ఉండటం వల్ల ఆ రెండింటినీ వేరుచేసి చూడటం శాస్త్రజ్ఞులకు చాలాకాలం సాధ్యపడక, మనిషి రక్తంలో దీన్ని విడిగా కొలిచే పరీక్ష 1970 దశకం ఆరంభంలో గాని అందుబాటులోకి రాలేదు.

పీయూష గ్రంథిలోని ఇతర హార్మోన్లకు మెదడు ప్రధానంగా ప్రేరణనిస్తే, ప్రొలాక్టిన్‌కు మాత్రం డోపమైన్ అనే రసాయనంతో నిరంతరం కళ్లెం వేసి ఉంచుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే పరీక్ష ఫలితాల్లోని చిక్కుముడులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

నెలసరి తప్పుతున్నప్పుడు, పిల్లలు కలగనప్పుడు, గర్భంగాని కాన్పుగాని లేకుండానే రొమ్ముల నుంచి పాలు వస్తున్నప్పుడు స్త్రీలకు, లైంగిక వాంఛ తగ్గినప్పుడు పురుషులకు వైద్యులు ఈ పరీక్ష రాస్తారు. గర్భం లేని స్త్రీలలో మిల్లీలీటరు రక్తానికి సుమారు 25 నానోగ్రాముల వరకు, పురుషులలో సుమారు 15 నుంచి 20 వరకు సాధారణంగా పరిగణిస్తారు. గర్భిణిలో ఇది 200 దాటినా సహజమే. ఒక్కో ల్యాబు హద్దు ఒక్కో రకంగా ఉంటుంది కనుక రిపోర్టులో పక్కనే అచ్చువేసిన హద్దుతోనే పోల్చుకోవాలి.

నిద్రలో ఈ హార్మోను పెరుగుతుంది, లేచిన తరువాత క్రమంగా దిగుతుంది. ఆందోళన, వ్యాయామం, సూది గుచ్చుతారన్న భయం కూడా దాన్ని పైకి నెడతాయి. అందువల్ల తెల్లవారుతూనే లేచి, బస్సు దిగి, మెట్లెక్కి, ఆయాసం తీరకముందే చేయి చాపిన మనిషి రక్తంలో అంకె కొద్దిగా ఎక్కువగా కనబడితే దాన్ని వెంటనే జబ్బుగా ఎంచకూడదు. నిద్ర లేచాక రెండు మూడు గంటలు గడిచి, కాసేపు స్థిమితంగా కూర్చున్న తరువాత మళ్లీ రక్తం తీయిస్తే అది తరచుగా హద్దులోకి వస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది మందుల చీటీ. వాంతులకూ కడుపుబ్బరానికీ విరివిగా వాడే డొంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్ డోపమైన్ పనిని అడ్డుకుంటాయి. కళ్లెం వదులు కాగానే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. మన మందుల షాపుల్లో ఎసిడిటీ మందుతో కలిపి ఒకే క్యాప్సూల్‌గా అమ్మే వాటిలో ఇవి తరచుగా ఉంటాయి గాని, వాడేవారికి అది గ్యాస్ మాత్రగానే తెలుసు కనుక డాక్టరు అడిగినా చెప్పాలని తోచదు. ఇటువంటి మందును వైద్యుని సలహాతో మూడు రోజులు ఆపి తిరిగి పరీక్షిస్తే నిజం బయటపడుతుంది; ఈ ప్రశ్న అడగకుండా నేరుగా ఎమ్మారైకి పంపడం రోగి జేబుకూ మనసుకూ చేసే అన్యాయం. మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్ వంటివీ ఇదే పని చేస్తాయి, అయితే వాటిని సొంతంగా ఆపడం ప్రమాదకరం. థైరాయిడ్ మందగించినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది కనుక టీఎస్‌హెచ్ పరీక్ష కూడా తోడుగా చేయించాలి.

కారణాలేవీ కనబడక, లక్షణాలూ లేక, అంకె మాత్రమే ఎక్కువగా ఉన్నవారిలో మాక్రోప్రొలాక్టిన్‌ను అనుమానించాలి. ప్రొలాక్టిన్ అణువులు రక్తంలోని ప్రతిదేహకాలతో అంటుకుపోయి ఏర్పడే ఈ పెద్ద ముద్దలు శరీరంపై పెద్దగా ప్రభావం చూపవు గాని, యంత్రం వాటినీ లెక్కలో చేర్చేస్తుంది. ల్యాబులో సీరమ్‌కు పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణం కలిపి యంత్రంలో గిర్రున తిప్పితే ముద్దలు గొట్టం అడుగుకు దిగుతాయి. పైన తేరుకున్న ద్రవంలో మొదటి విలువలో 40 శాతం కన్నా తక్కువే మిగిలితే పెరుగుదల చాలావరకు వాటిదేనని అర్థం.

విలువ 200 నుంచి 250 దాటితే మాత్రం పీయూష గ్రంథిలో ప్రొలాక్టినోమా అనే గడ్డ ఉండే అవకాశం ఎక్కువ. ఇది సాధారణంగా క్యాన్సరు కాదు, చాలామందిలో ఆపరేషన్ లేకుండా కాబర్‌గోలిన్ మాత్రలతోనే కుంచించుకుపోతుంది. విచిత్రమేమంటే, గడ్డ మరీ పెద్దదై హార్మోను విపరీతంగా ఉన్నప్పుడు పరీక్షలోని రసాయనాలు ఆ తాకిడికి చాలక అంకెను తక్కువగా చూపవచ్చు. స్కానులో పెద్ద గడ్డ ఉండి, చూపు పక్కల నుంచి మసకబారుతున్నా ప్రొలాక్టిన్ కొద్దిగానే పెరిగినట్లు వస్తే, అదే రక్తాన్ని వందరెట్లు పలుచన చేసి మరోసారి కొలవమని వైద్యులు ల్యాబును కోరుతారు.