అంతటా ఉన్నవాడు పరుగున రావడమెందుకు?

పోతన భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడి మాట నిజమై స్తంభంలోంచి నరసింహుడు వెలువడతాడు. దేవుడు లేని చోటు లేదని ఆ కథ సారాంశం. ఎనిమిదో స్కంధంలో మొసలికి చిక్కిన గజేంద్రుడు మొరపెట్టుకోగానే అదే విష్ణువు శంఖచక్రాలు ధరించకుండా, లక్ష్మికైనా చెప్పకుండా వైకుంఠం నుంచి బయలుదేరతాడు. అంతటా ఉన్నవాడు ఆ మడుగులోనూ ఉండాలి కదా! మరి ప్రయాణమెందుకు?

దీనికి వేదాంతులు సగుణ, నిర్గుణ భేదంతో జవాబిస్తారు. మనస్తత్వ శాస్త్రం ప్రశ్ననే మారుస్తుంది. రెండు కథలూ తెలిసిన భక్తుడికి ఈ తేడా ఎందుకు అడ్డురాదు?

అమెరికా పరిశోధకులు జస్టిన్ బారెట్, ఫ్రాంక్ కీల్ 1996లో ఇలాంటి ప్రశ్న మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. దేవుడు ఎలాంటివాడని అడిగితే, అన్నీ తెలిసినవాడని, ఒకేసారి ఎన్ని పనులైనా చేయగలడని చాలామంది చెప్పారు. తర్వాత వాళ్లకు చిన్న కథలు వినిపించారు. ఒక కథలో నదిలో రాళ్ల మధ్య కాలు ఇరుక్కున్న బాలుడు ప్రార్థిస్తాడు. ఆ సమయంలో దేవుడు మరోచోట ఇంకొకరి ప్రార్థన ఆలకిస్తుంటాడు. అది ముగిశాకే బాలుడి దగ్గరికి వచ్చాడని కథలో లేదు. అయినా చాలామంది అలా ఉన్నట్టే గుర్తుచేసుకున్నారు. బారెట్ ఉత్తర భారతంలో హిందువులతో చేసిన ప్రయోగంలోనూ ఇదే ధోరణి కనిపించింది. ఆ ఫలితాలు 1998లో వెలువడ్డాయి.

దీనికి ఆయన ఇచ్చిన వివరణ సులువైనదే. సావకాశంగా ఆలోచించి చెప్పేటప్పుడు మనిషి నేర్చుకున్న సిద్ధాంతం చెబుతాడు. కథ వింటున్నప్పుడు అంత వ్యవధి ఉండదు. అప్పుడు మనసు తనకు బాగా అలవాటైన నమూనాను, అంటే ఒక సమయంలో ఒకేచోట ఉండే మనిషిని, వాడుకుంటుంది.

ఇది మతానికే పరిమితం కాదు. ఆండ్రూ ష్టుల్మన్, జాషువా వల్కార్సెల్ 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, సహజ భావనకు విరుద్ధంగా ఉన్న శాస్త్ర వాక్యాలను పరిశీలించేటప్పుడు చదువుకున్న పెద్దలు కూడా ఎక్కువ సమయం తీసుకున్నారు, ఎక్కువ తప్పులు చేశారు. కొత్త జ్ఞానం పాత ఊహను అణచి ఉంచుతుందే తప్ప పూర్తిగా చెరిపేయదని వారి నిర్ధారణ. భూమి తిరుగుతోందని తెలిసినవాళ్లం కూడా పొద్దు పొడిచిందనే అంటాం.

బారెట్ ప్రయోగాలపై విమర్శలూ ఉన్నాయి. కథలోని వాక్యాలే శ్రోతను మానవరూపం వైపు నడిపించి ఉండొచ్చన్నది వాటిలో ఒకటి. పైగా దేవుడున్నాడా లేడా అన్నది ఈ ప్రయోగాలు తేల్చే విషయం కాదు. అవి కొలిచింది మనిషి జ్ఞాపకాన్నే.

అయితే ఇంట్లో జరిగే ఒక వాదనకు ఇవి పనికొస్తాయి. ‘అంతటా ఉంటే రావడమెందుకు?’ అని మనవడు అడిగితే అది ధిక్కారం కాదు, నిదానంగా చేసిన ఆలోచన. ఆ ప్రశ్న తట్టకుండానే ఏనుగు కోసం కన్నీళ్లు పెట్టుకునే అమ్మమ్మది అజ్ఞానమూ కాదు. ఈ రెండు పద్ధతులూ ప్రతి మనసులోనూ ఉన్నాయి. రేపు మనవడే ఆ కథ చెప్పాల్సి వస్తే, విష్ణువును వైకుంఠం నుంచే రప్పిస్తాడు.