ఒకే అడ్రసు, ఇంటిల్లిపాదికీ ఇంటర్నెట్

నెట్‌వర్క్ పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి లేచి అడిగాడు: "మా ఇంట్లో నా ఫోన్ ఐపీ అడ్రస్ 192.168.1.5 అని చూపిస్తోంది సార్. పక్కింటివాళ్ల ల్యాప్‌టాప్‌లో చూస్తే అక్కడా అదే ఉంది. మరి నేను అడిగిన వీడియో వాళ్లకు పోకుండా నాకే ఎలా వస్తోంది?"

ఇంటర్నెట్ గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు. దీని జవాబు మన హాల్లో టీవీ పక్కన లైట్లు మిణుకుమంటూ ఉండే రౌటర్‌లో ఉంది. ఆ జవాబు తెలిస్తే రౌటర్‌లో కనిపించే సెట్టింగ్స్‌లో సగానికి సగం వాటంతట అవే అర్థమవుతాయి.

1981లో ఖరారైన ఐపీ నాలుగో వెర్షన్‌లో ఒక్కో అడ్రసుకు 32 బిట్లు ఇచ్చారు. 32 బిట్లతో రాయగల సంఖ్యలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. నెట్‌వర్క్‌లో కలిసిన కంప్యూటర్లు ఎక్కువగా యూనివర్సిటీల్లో, పరిశోధన కేంద్రాల్లోనే ఉన్న రోజుల్లో ఇన్ని అడ్రసులు ఎన్నటికీ తరగవనిపించింది. పదేళ్లు తిరిగేసరికి అవి అయిపోతాయన్న భయం పట్టుకుంది. పొడవైన అడ్రసులతో కొత్త ఐపీ రావడమే అసలైన పరిష్కారమని అందరికీ తెలుసు. కానీ అది తయారై, ప్రపంచమంతా దానికి మారేదాకా ఏం చేయాలి?

1994 మేలో కెల్ ఎగేవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఒక ఉపాయాన్ని ప్రచురించారు. ఇంటర్నెట్ నియమాలనూ ప్రతిపాదనలనూ నెంబర్లు వేసి వెలువరించే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో దాని నెంబరు 1631. పేరు నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, పొట్టిగా న్యాట్. లోపల ఎవరికి వారు తమకు నచ్చిన అడ్రసులు పెట్టుకోవచ్చు, బయటికి వెళ్లేచోట మాత్రం వాటిని మార్చి పంపితే చాలు అన్నది దాని సారం. ఇది తాత్కాలిక ఏర్పాటేనని ఆ పత్రమే చెప్పుకుంది.

ఇప్పుడు రౌటర్ లోపల ఏం జరుగుతుందో అడుగడుగునా చూద్దాం. మీ ఫోన్ 192.168.1.5 ఒక వెబ్‌సైటును అడిగింది. ఆ కోరిక ప్యాకెట్ అనే చిన్న డేటా మూటగా బయలుదేరుతుంది. దాని మీద రెండు సంగతులు రాసి ఉంటాయి: ఎక్కడినుంచి, ఎక్కడికి. ప్రతిదానికీ అడ్రసుతో పాటు పోర్టు నెంబరు అని ఇంకో సంఖ్య ఉంటుంది. ఒకే ఫోన్‌లో నడిచే వేర్వేరు యాప్‌ల మాటలు కలిసిపోకుండా చూడటం దాని పని. ఫోన్ తన వైపు పోర్టుగా 51000 ఎంచుకుంది అనుకుందాం. ప్యాకెట్ రౌటర్ దగ్గరికి వస్తుంది. రౌటర్‌కు ఇంటర్నెట్ ఆపరేటర్ ఇచ్చిన బయటి అడ్రసు 203.0.113.7. అది "ఎక్కడినుంచి" అన్నచోట ఫోన్ అడ్రసు చెరిపి తన అడ్రసు రాస్తుంది, 51000 చెరిపి తన దగ్గర ఖాళీగా ఉన్న పోర్టు, ఉదాహరణకు 40001, రాస్తుంది. ఆ మార్పును తన మెమరీలోని పట్టికలో ఒక వరుసగా నమోదు చేసుకుంటుంది: బయట 40001 అంటే లోపల 192.168.1.5, పోర్టు 51000.

వెబ్‌సైటుకు మీ ఫోన్ ఉందన్న సంగతే తెలియదు. అది 203.0.113.7లోని 40001కి జవాబు పంపుతుంది. రౌటర్ పట్టిక చూస్తుంది, వరుస దొరుకుతుంది, అడ్రసునూ పోర్టునూ తిరగరాసి ఫోన్‌కు అందిస్తుంది. పక్కింటి 192.168.1.5 ప్యాకెట్లు ఆ ఇంటి రౌటర్ అడ్రసు మీద వెళ్లి ఆ ఇంటికే వస్తాయి. రెండు ఇళ్ల లోపలి అడ్రసులు బయట ఎక్కడా ఎదురుపడవు.

గుడి ముందు చెప్పుల స్టాండులో జరిగేది ఇదే. చెప్పులు ఇస్తే టోకెన్ ఇస్తారు. ఒకే రకం చెప్పులు వందమంది వేసుకొచ్చినా ఇబ్బంది లేదు, తిరిగి ఇచ్చేటప్పుడు చూసేది టోకెన్ నెంబరే. టోకెన్ లేకుండా వచ్చినవాడికి ఏమీ దక్కదు. రౌటర్ కూడా అంతే: ముందు లోపలినుంచి ఎవరో అడిగి ఉంటేనే పట్టికలో వరుస ఉంటుంది. బయటినుంచి పిలవకుండా వచ్చిన ప్యాకెట్‌కు వరుస దొరకదు, అది అక్కడే ఆగిపోతుంది.

1994 నాటి పత్రం ప్రధానంగా అడ్రసుకు బదులు అడ్రసు పెట్టడం గురించే చెప్పింది. పోర్టునూ కలిపి మార్చడంతోనే ఒక్క అడ్రసు ఇంటిల్లిపాదికీ సరిపోయింది. పోర్టు నెంబరు 16 బిట్లది, అంటే 65,536 విలువలు. ఇంట్లో ఫోన్లూ టీవీ ల్యాప్‌టాప్ అన్నీ కలిపినా ఆ సంఖ్య దరిదాపుల్లోకి రావు. అడ్రసుల కరువు తీర్చడానికి ఎప్పటినుంచో ఉన్న పోర్టు నెంబర్లనే వాడుకోవడం ఇందులోని తెలివి.

నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఇంకొకటి ఉంది. ప్యాకెట్ దారిలో చెడిపోయిందో లేదో పట్టుకోవడానికి దానిలో చెక్‌సమ్ అనే మొత్తం ఉంటుంది. ప్యాకెట్‌ను 16 బిట్ల ముక్కలుగా చేసి, అన్నిటినీ ఒక పద్ధతిలో కూడి రాసిన సంఖ్య అది. రౌటర్ అడ్రసు మార్చగానే ఆ మొత్తం తప్పు అవుతుంది, అవతలివాళ్లు ప్యాకెట్‌ను పారేస్తారు. మళ్లీ మొదటినుంచి కూడాలంటే 1500 బైట్ల ప్యాకెట్‌కు సుమారు 750 కూడికలు, అదీ ప్రతి ప్యాకెట్‌కూ. కానీ మారినవి మూడే ముక్కలు: అడ్రసువి రెండు, పోర్టుది ఒకటి. పాత మొత్తంలోంచి పాత ముక్కలు తీసేసి కొత్తవి కలిపితే సరైన మొత్తం వచ్చేస్తుంది. డేటాను తాకనక్కర్లేదు. ఈ సవరణ ఎలా చేయాలో చూపించే చిన్న సీ ప్రోగ్రామును ఆర్‌ఎఫ్‌సీ 1631లోనే ఇచ్చారు. చవక చిప్పుతో నడిచే ఇంటి పెట్టె ఇంత వేగంగా పనిచేయడానికి ఇలాంటి పొదుపులే ఆధారం.

ఈ ఉపాయం అన్నిచోట్లా సాఫీగా సాగలేదు. ఫైళ్లు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీ తన అడ్రసును ప్యాకెట్ పైన మాత్రమే కాకుండా లోపలి సందేశంలో కూడా అక్షరాల్లో రాస్తుంది. రౌటర్ దాన్ని కూడా వెతికి మార్చాలి. ఒక అడ్రసు తీసి ఇంకొకటి పెడితే అక్షరాల సంఖ్య మారవచ్చు. మారితే డేటాను వరుస తప్పకుండా చేర్చే టీసీపీ, ఎన్నో బైటు దగ్గర ఉన్నామని వేసుకునే లెక్క తప్పుతుంది, ఆ కనెక్షన్ ముగిసేదాకా ప్రతి ప్యాకెట్‌లోనూ ఆ తేడాను సర్దుతూ పోవాలి. మోసుకుపోవలసినవాడు లోపలి ఉత్తరం చదవడం ఏమిటని ఇంటర్నెట్ పెద్దలకు కోపం వచ్చింది. మధ్యలోని పరికరాలు ప్యాకెట్‌ను ముందుకు పంపడమే తప్ప దానిలో వేలు పెట్టకూడదన్నది వాళ్ల మూల సూత్రం.

ఈ తగవు 1994లో బాహాటంగానే నడిచింది. ఎవరైనా తమ సొంత నెట్‌వర్క్ లోపల వాడుకోవడానికి కొన్ని అడ్రసులను విడిగా ఉంచాలని ఆ మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 1597 ప్రతిపాదించింది. జులైలో ఆర్‌ఎఫ్‌సీ 1627 దాన్ని గట్టిగా వ్యతిరేకించింది: ప్రతి అడ్రసూ ప్రపంచం మొత్తంలో ఒకరికే చెందాలి, లేకపోతే ఇంటర్నెట్ ముక్కలవుతుంది అని. వ్యతిరేకించిన నలుగురిలో ఎలియట్ లియర్ ఒకరు. 1996 ఫిబ్రవరిలో రెండు పక్షాల వాదనలనూ కలుపుకుని ఆర్‌ఎఫ్‌సీ 1918 వచ్చింది. దాని రచయితల్లోనూ ఎలియట్ లియర్ పేరుంది! 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఎవరైనా తమ సొంత నెట్‌వర్క్ లోపల వాడుకోవచ్చని అది ఖాయం చేసింది. రౌటర్ వెనక స్టిక్కర్ మీద కనిపించే 192.168.1.1 ఆ ఒప్పందం నుంచి వచ్చిందే.

ఇక్కడినుంచి సెట్టింగ్స్ చూడండి, ప్రతిదీ ఆ పట్టిక చుట్టూనే తిరుగుతుంది. వ్యాన్ అని రాసినచోట ఫైబర్ లేదా కేబుల్ తాలూకు తీగ పెట్టి, ఆపరేటర్ ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొడతాం. రౌటర్‌కు బయటి అడ్రసు చాలా ఇళ్లలో దొరికేది అలాగే. డీహెచ్‌సీపీ అన్నది లోపలి అడ్రసులు పంచే భాగం. కొత్త ఫోన్ రాగానే తనకింకా అడ్రసు లేదు కాబట్టి 0.0.0.0 పేరుతో అందరికీ వినబడేలా అడుగుతుంది; రౌటర్ ఒకటి ఇవ్వజూపుతుంది; ఫోన్ అదే కావాలంటుంది; రౌటర్ సరేనంటుంది. నాలుగు సందేశాలతో పని పూర్తి. ఆ అడ్రసు కొంత గడువుకే అద్దె.

మేడ మీద సిగ్నల్ అందడం లేదని రెండో రౌటర్ కొన్నప్పుడు చాలా ఇళ్లలో చిక్కు వచ్చేది ఇక్కడే. రెండూ 192.168.1.1 అనుకుంటాయి, రెండూ అడ్రసులు పంచుతాయి, రెండూ పట్టికలు రాస్తాయి. రెండోదాని అడ్రసును 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీ ఆపేసి, మొదటి రౌటర్ నుంచి వచ్చే తీగను దాని వెనక ల్యాన్ అని రాసిన రంధ్రంలో పెడితే అది వైఫై ఇచ్చే పని మాత్రమే చేస్తుంది. ఇంటికి పట్టిక ఒక్కటే ఉంటుంది.

ఊరినుంచి సీసీటీవీ కెమెరా చూడాలంటే చేసే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే పట్టికలో మనమే చేత్తో ఒక శాశ్వత వరుస రాయడం. అన్నీ సరిగ్గా పెట్టినా పనిచేయకపోతే వ్యాన్ అడ్రసు, అంటే రౌటర్ బయటి అడ్రసు, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే ఆపరేటర్ కూడా మీ పైన ఇంకో న్యాట్ నడుపుతున్నట్టు. అక్కడి పట్టికలో మీరు వరుస రాయలేరు. పబ్లిక్ ఐపీ ఇమ్మని ఆపరేటర్‌ను అడగాలి.

గుంటూరులో అమ్మమ్మ, డాలస్‌లో మనవరాలు వీడియో కాల్‌లో మాట్లాడుకుంటున్నారు. రెండు ఇళ్లలోనూ రౌటర్లే. పిలవని ప్యాకెట్లను రెండూ ఆపేస్తాయి. మరి మాట ఎలా కలుస్తుంది? రెండు ఫోన్లూ ముందు ఒక సర్వర్‌తో మాట్లాడతాయి. నీ ఎదుటివాళ్లు బయటికి ఫలానా అడ్రసు, ఫలానా పోర్టుగా కనిపిస్తున్నారని అది ఇద్దరికీ చెబుతుంది. వెంటనే రెండు ఫోన్లూ ఒకదానికొకటి ప్యాకెట్లు పంపుతాయి. మొదటిది అవతలి రౌటర్ దగ్గర ఆగిపోవచ్చు, కానీ అది బయటికి వెళ్తూ తన ఇంటి పట్టికలో వరుస రాయించింది. అవతలినుంచి వచ్చేది ఇప్పుడు ఆ వరుసకు జవాబుగా కనిపించి లోపలికి వస్తుంది. ఒక్కో గమ్యానికి ఒక్కో పోర్టు ఇచ్చే రౌటర్లతో ఇది కుదరకపోతే మధ్యలో ఒక సర్వర్ మాటలను మోసిపెడుతుంది.

అసలైన పరిష్కారమని మొదట అనుకున్న కొత్త ఐపీ ఏమైందో చూద్దాం. 128 బిట్ల అడ్రసులున్న ఐపీ ఆరో వెర్షన్ 1995 డిసెంబరులోనే పత్రంగా వచ్చింది. కానీ న్యాట్ ఇంత చక్కగా పనిచేస్తుంటే మారాలన్న తొందర ఎవరికీ కలగలేదు. వైఫై వచ్చి రౌటర్‌లో చేరింది. 2011 ఫిబ్రవరి 3న పాత అడ్రసుల కేంద్ర నిల్వ పూర్తిగా ఖాళీ అయింది. 2016లో జియో రాకతో మన దేశంలో కొత్త ఐపీ వాడకం ఊపందుకుంది, ఇప్పుడు ఆ వాడకంలో ముందువరుసలో ఉన్న దేశాల్లో భారత్ ఒకటి.

కొత్త ఐపీలో ప్రతి ఫోన్‌కూ ప్రపంచంలో మరెవరికీ లేని అడ్రసు ఉంటుంది, మార్చి రాయవలసిన పని లేదు. అయినా ఇంటి రౌటర్ ఎవరు ముందు మాట్లాడారో పట్టికలో రాస్తూనే ఉంటుంది, ఎందుకంటే పిలవని ప్యాకెట్లను ఆపే కాపలాకు అదే కావాలి. తాత్కాలికమని మొదలైన న్యాట్ ఎప్పుడో ఒకనాడు పోవచ్చు. దాని పట్టిక మాత్రం నిలిచి ఉంటుందని నా నమ్మకం.

అందుకే మీ రౌటర్ పేజీ ఒకసారి తెరిచి చూడండి. స్టిక్కర్ మీది అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన పోర్ట్ ఫార్వర్డింగ్ వరుసలుంటే తీసేయండి. యూపీఎన్‌పీ అన్నది లోపలి పరికరాలు మిమ్మల్ని అడగకుండానే పట్టికలో వరుసలు రాసుకోనిస్తుంది. అవసరం లేకపోతే ఆపేయండి. ఆ పట్టికలో ఏ వరుస ఉండాలో తేల్చవలసింది ఆ ఇంటివాళ్లే.