డోడో కరువుని తట్టుకుంది, మరి మనుషుల్ని?

డోడో అనగానే మనం చెప్పుకునే కథ ఒకటే: ఎగరలేదు, మొద్దు పక్షి, అందుకే అంతరించిపోయింది. ఈ కథలో పెద్ద బగ్ ఉంది.

మారిషస్‌లో 'మార్ ఓ సోంజ్' అని ఒక బురద నేల ఉంది. తవ్వితే ఎముకలే ఎముకలు! ఎక్కువగా పెద్ద తాబేళ్లవి, వాటి మధ్యలో డోడోలవి. సుమారు 4,200 ఏళ్ల కిందటివి. అప్పట్లో ఘోరమైన కరువొచ్చింది. నీళ్లు మిగిలిన ఆ మడుగు చుట్టూ జంతువులన్నీ చేరాయి. వాటి రెట్టలతోనే నీళ్లు విషమై, గుంపులుగా చచ్చిపోయాయి. అయినా డోడో జాతి పోలేదు. వానలు పడ్డాక మళ్లీ కోలుకుంది.

1598లో డచ్ వాళ్లు దిగారు. "చంపి తినేశారు" అంటారు కదా, అది సగం నిజమే. ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు నేలమీది గుడ్లని వదల్లేదు. వందేళ్లు తిరక్కుండానే డోడో లేదు. కరువైతే ఎప్పుడో ఆగుతుంది, ఎలుక ఆగదుగా!

తర్వాత చెరకు తోటల కోసం అడవి నరికారు. ఆ తోటల్లో పనికి కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి మనవాళ్లూ వెళ్లారు, అందుకే అక్కడ తెలుగువాళ్లని 'కోరంగి' అనేవాళ్లు.

పెద్ద తాబేళ్లు కూడా పోయాయి. పళ్లు తిని గింజల్ని దూరంగా వదిలేది అవే. దాంతో మన తునికి చెట్టుకి చుట్టమైన ఎబొనీ చిక్కుల్లో పడింది. 2000లో 'ఇల్ ఓ ఎగ్రెట్' అనే చిన్న దీవిలో అల్దాబ్రా జాతి తాబేళ్లని వదిలారు. అవి ఎబొనీ పళ్లు తింటున్నాయి. తల్లిచెట్టుకి దూరంగా కొత్త మొక్కలు లేస్తున్నాయి.