మూకీ తార మాట నేర్చిన కథ

మూకీ చిత్రాలలో నటించడానికి ఏ భాష రావాలి అని తరగతిలో అడిగితే విద్యార్థులు సాధారణంగా నవ్వుతారు. మాటలే లేని చోట భాష ప్రసక్తి ఏమిటని వారి సందేహం. కాని 1931లో తెరమీది బొమ్మకు మాట వచ్చినప్పుడు, అంతవరకు ఎవరికీ పట్టని ఈ ప్రశ్నే కొందరి జీవితాలను తలకిందులు చేసింది. సులోచన జీవితం అందుకు మంచి ఉదాహరణ.

సులోచన అసలు పేరు రూబీ మయర్స్. 1907లో పుణేలో జన్మించారు. బాగ్దాదీ యూదు కుటుంబం. టెలిఫోను ఆపరేటరుగా పనిచేస్తున్న ఆమెను కోహినూర్ ఫిల్మ్ కంపెనీకి చెందిన మోహన్ భవనానీ సినిమాలోకి తీసుకువచ్చారు. 1925లో ‘వీర బాల’తో రంగప్రవేశం జరిగింది. తరువాత అర్దేషిర్ ఇరానీ నెలకొల్పిన ఇంపీరియల్ కంపెనీలో చేరి, ఆ దశాబ్దం ముగిసేలోపు దేశంలో అగ్రతార అయ్యారు. ‘టైపిస్ట్ గర్ల్’ (1926), ‘అనార్కలి’ (1928), ‘ఇందిరా బి.ఏ.’ (1929) ఆ కాలపు చిత్రాలే. ‘వైల్డ్ క్యాట్ ఆఫ్ బాంబే’ (1927)లో ఆమె ఒక్కరే ఎనిమిది వేషాలు వేశారు. అందులో తోటమాలి, పోలీసు, అరటిపండ్లమ్మే ముసలమ్మలతో పాటు ఒక హైదరాబాదీ పెద్దమనిషి కూడా ఉన్నాడు. నెలకు 5000 రూపాయల జీతమనీ, అది బొంబాయి గవర్నరు జీతాన్ని మించినదనీ అప్పట్లో జనం చెప్పుకొనేవారు.

హైదరాబాదీ వేషం వేయడానికి ఆమెకు హైదరాబాదు మాట రానక్కరలేదు. ఈ విషయం గమనించదగినది. మూకీ చిత్రంలో కథను నడిపించే మాటలు దృశ్యాల మధ్య తెరమీద అక్షరాలుగా కనిపించేవి. అవి ఒకే చిత్రానికి రెండు మూడు భాషలలో ఉండేవి. చదువురాని ప్రేక్షకులకు హాలులో ఒకరు నిలబడి వాటిని చదివి కథ చెప్పేవారు. కనుక నటి భాష వేరు, చిత్రం భాష వేరు, ప్రేక్షకుని భాష వేరు అయినా చిక్కు లేదు. గృహస్థుల ఇళ్ల స్త్రీలు సినిమాకు రావడానికి జంకే ఆ రోజుల్లో యూదు, ఆంగ్లో ఇండియన్ యువతులు ముందుకు వచ్చి హిందూ పేర్లతో నటించగలిగారు. మద్రాసులో 1921లో వచ్చిన ‘భీష్మ ప్రతిజ్ఞ’లోనూ గంగ పాత్రధారిణి పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ నటి.

1931 మార్చి 14న ‘ఆలం ఆరా’ విడుదలయింది. దాన్ని నిర్మించినది సులోచన పనిచేస్తున్న ఇంపీరియల్ కంపెనీయే. కంపెనీలో అగ్రతార ఆమె. అయినా నాయిక వేషం జుబేదాకు దక్కింది. సులోచనకు హిందుస్తానీ ధారాళంగా రాకపోవడమే కారణం. రూపం, అభినయం, పేరు అన్నీ ఉండి, మాట ఒక్కటి లేక ఆమె వెనుకబడ్డారు.

అదే సమయంలో ఇరానీ నిర్మాణంలోనే మరికొందరికి తలుపులు తెరుచుకున్నాయి. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 1931 అక్టోబరు 31న ‘కాళిదాస్’ వచ్చింది. నాయిక టి.పి.రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, తెలుగు సంభాషణలూ అందులోనే వినిపించాయి. తరువాత ఆయనే సురభి నాటక సమాజం వారిని బొంబాయి రప్పించి, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీశారు. 1932 ఫిబ్రవరి 6న అది మొదట విడుదలయినది కూడా బొంబాయిలోనే. అందులో లీలావతి సురభి కమలాబాయి. రంగస్థలం మీద పద్యం, పాట, సంభాషణ సాధన చేసినవారికి టాకీ కొత్తది కాలేదు. ఇందులో మరొక విశేషం ఉన్నది. సురభి కుటుంబాలవారు మహారాష్ట్ర ప్రాంతం నుంచి రాయలసీమకు వలసవచ్చిన తోలుబొమ్మలాట కళాకారుల సంతతి. అంటే తొలి తెలుగు టాకీలో వినిపించిన ఆ నాయిక తెలుగు, వలసవచ్చిన కుటుంబాలు తరతరాలుగా సాధన చేసి తమది చేసుకున్న తెలుగు.

ఇక సులోచన ఊరుకోలేదు. సుమారు ఏడాది పాటు నటనకు విరామమిచ్చి హిందుస్తానీ నేర్చుకున్నారు. 1932లో తన మూకీ ‘మాధురి’నే టాకీగా చేసి తిరిగివచ్చారు. ‘ఇందిరా బి.ఏ.’ 1934లో ‘ఇందిరా ఎం.ఏ.’ అయింది. 1935లో ‘అనార్కలి’ మళ్లీ వచ్చింది. ఒక్కొక్క పాత విజయాన్నీ కొత్త భాషలో మరల సంపాదించుకున్నారన్నమాట. 1930ల నడుమ రూబీ పిక్స్ పేరిట సొంత సంస్థ కూడా నెలకొల్పారు. మూకీల నాటి వైభవం పూర్తిగా తిరిగిరాలేదు. క్రమంగా చిన్న పాత్రలకు మళ్లారు. 1953 నాటి ‘అనార్కలి’లో ఆమె అనార్కలి కాదు, సలీం తల్లి. 1973 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆమెకు లభించింది. 1983లో బొంబాయిలో కన్నుమూశారు.

మా తరగతులకు హోసూరు నుంచి, బళ్లారి నుంచి, బరంపురం నుంచి వచ్చే విద్యార్థులలో కొందరు నోరు విప్పడానికి వెనకాడతారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా “మాది మంచి తెలుగు కాదండీ” అంటారు. రాత తప్పు లేకుండా రాస్తారు, పిలిచి మాట్లాడమంటే తల వంచుకుంటారు. వారికి మేము చెప్పదలచినది ఇంతే. అగ్రతార అయిన స్త్రీ తన పేరును, జీతాన్ని పక్కన పెట్టి, ఓనమాల నుంచి మరొక భాష నేర్వడానికి సిగ్గుపడలేదు. వలసవచ్చిన కుటుంబాల మాట తొలి టాకీకి తెలుగయింది. పుట్టుకతో వచ్చిన భాష అయినా పలుకుతూ ఉంటేనే నిలుస్తుంది. యాస ఉన్న మాటకు లోటు లేదు, పలకని మాటకే లోటు.