ఎండల్లో తేనె పంచే మొక్క

కాలిఫోర్నియాలో వానాకాలం మన వానాకాలానికి తలకిందులు. అక్కడ వానలు చలికాలంలో కురుస్తాయి. నవంబరు ప్రాంతంలో మొదలై ఏప్రిల్ నాటికి దాదాపు ఆగిపోతాయి. ఆ తరువాత ఆరు నెలలపాటు చాలాచోట్ల చెప్పుకోదగ్గ వాన ఉండదు. ఆగస్టు వచ్చేసరికి కొండలమీది గడ్డి పూర్తిగా ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, రాళ్ళ సందుల్లో మోకాలెత్తు కూడా ఉండని ఒక మొక్క ఎర్రెర్రని పూలు పూస్తుంది. పూయడమే కాదు, ప్రతి పువ్వులోనూ తియ్యని నీరు నింపి పెడుతుంది!

ఆ మొక్క పేరు కాలిఫోర్నియా ఫ్యూషియా. శాస్త్రీయ నామం ఎపిలోబియం కానం. తోటలు పెంచేవారిలో చాలామంది దాన్ని ఇంకా జౌష్నేరియా అనే పాత పేరుతోనే పిలుస్తారు. తాగడానికి తనకే నీళ్ళు కరువైన మొక్క మకరందాన్ని ఎవరికోసం తయారుచేస్తున్నది? అందుకు కావలసిన నీరు ఎక్కడినుంచి తెస్తున్నది?

మొదటి ప్రశ్నకు జవాబు హమ్మింగ్ పక్షి. దీనిలో మూడు వందలకు పైగా జాతులున్నాయి. అన్నీ అమెరికా ఖండాలలోనివే. వాటిలో రూఫస్ హమ్మింగ్ పక్షి అనే జాతి బరువు సుమారు 3.5 గ్రాములు. అది సెకనుకు సుమారు 50 సార్లు రెక్కలాడిస్తూ, కొమ్మమీద వాలకుండా, పువ్వు ఎదుట గాలిలోనే నిలబడి తాగుతుంది. హమ్మింగ్ పక్షులు ఎగిరేటప్పుడు గుండె నిమిషానికి వెయ్యిసార్లకు పైగా కొట్టుకోగలదు. ఇంత శ్రమకు ఇంధనం ఎంత కావాలో ఊహించండి. రోజుకు తన బరువును మించిన మకరందం తాగితే గాని దానికి గడవదు. చల్లని రాత్రుల్లో శరీర ఉష్ణోగ్రతను బాగా తగ్గించుకుని ఒకరకమైన మొద్దునిద్రలోకి పోతుంది. లేకుంటే తెల్లవారేలోగా నిల్వ ఉన్న శక్తి అంతా అయిపోవచ్చు.

ఈ రూఫస్ పక్షులు ఉత్తరాన అలాస్కా దాకా పోయి గూళ్ళు కడతాయి. చలికాలం ఎక్కువగా మెక్సికోలో గడుపుతాయి. మధ్య దూరం 6,000 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తిరుగు ప్రయాణం జులై నుంచి సెప్టెంబరు వరకు సాగుతుంది. వసంతంలో పూసిన పూలు చాలావరకు అప్పటికి వాడిపోయి ఉంటాయి. దారిలో ఆగి ఇంధనం నింపుకోవడానికి ఆలస్యంగా పూసే ఇలాంటి మొక్కలే వాటికి దిక్కు.

మొక్క మకరందాన్ని ఊరికే ఇవ్వదు. పువ్వు పొడవైన గొట్టంలా ఉంటుంది. కేసరాలు, కీలాగ్రం బయటికి పొడుచుకొని వస్తాయి. పక్షి ముక్కు లోపలికి దూర్చగానే దాని నుదుటికి పుప్పొడి అంటుకుంటుంది. మరో పువ్వు దగ్గరకు పోయినప్పుడు ఆ పుప్పొడి కీలాగ్రానికి చేరుతుంది. అదే పరపరాగ సంపర్కం.

ఎరుపు రంగంటే హమ్మింగ్ పక్షికి పుట్టుకతోనే ఇష్టమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మకరందం దొరికితే నీలం పువ్వైనా, తెల్ల పువ్వైనా దానికి ఒకటే. అసలు కిటుకు తేనెటీగ కంటిలో ఉంది. పచ్చని ఆకుల మధ్య ఎరుపును వేరుచేసి గుర్తించడం తేనెటీగకు కష్టం. కాబట్టి ఎర్రని పువ్వు పక్షిని పిలుస్తున్నదనడం కన్నా తేనెటీగ నుంచి దాక్కుంటున్నదనడమే సబబు. ఈ పువ్వుకు చెప్పుకోదగ్గ వాసన కూడా లేదు. మకరందం కోసం వచ్చే పక్షి దారి వెతుక్కునేది కంటితోనే గాని వాసనతో కాదు.

హమ్మింగ్ పక్షుల కోసం పూసే పూలలో మకరందం సాధారణంగా పలచగా ఉంటుంది. 100 గ్రాములకు చక్కెర 20, 25 గ్రాములకు మించదు. పక్షి నాలుక పనిచేసే తీరుకు ఈ పలుచదనం అనుకూలం. సన్నని గొట్టంలోకి నీరు ఎగబాకినట్టు మకరందం నాలుకలోకి ఎక్కుతుందని పుస్తకాల్లో ఎంతోకాలం రాస్తూ వచ్చారు. అది సరికాదని 2011లో రికో-గువేరా, రుబేగా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేగంగా తీసిన చిత్రాలతో చూపించారు. నాలుక కొన ద్రవంలో మునగగానే విచ్చుకుంటుంది. వెనక్కి లాగేటప్పుడు ముడుచుకుని ద్రవాన్ని పట్టి తెస్తుంది.

ఇక రెండవ ప్రశ్న. మొక్క వేళ్ళతో పీల్చిన నీటిలో నూటికి 90 పాళ్ళకు పైగా బాష్పోత్సేకం ద్వారా ఆకుల నుంచి ఆవిరైపోతుందని మీరు చదువుకున్నారు. దానితో పోలిస్తే మకరందంలో పోయే నీరెంత? ఒక్కో పువ్వులో ఒక చుక్క కూడా ఉండదు. అంటే ఖర్చంతా ఆకుల్లోనే ఉంది, పూలలో కాదు. మన మొక్క పొదుపు చేసేది కూడా అక్కడే. దాని ఆకులు చిన్నవి, సన్ననివి. వాటిమీది బూడిదరంగు నూగు ఎండను కొంత వెనక్కి కొడుతుంది. ఆకును ఆనుకొని ఉన్న తేమగాలిని వడగాలి ఊడ్చుకు పోకుండా ఆపుతుంది. అల్లానికీ పసుపుకూ ఉన్నట్టే దీనికి కూడా నేలలో పాకే కాండం ఉంది. పైన కొమ్మలు ఎండిపోయినా మరుసటి ఏడు అక్కడినుంచే మళ్ళీ చిగురిస్తుంది. అందుకే ఇది బహువార్షికం.

ఈ సంగతి తెలియక దీన్ని ప్రేమగా పెంచబోయి చంపేవారున్నారు. వేళ్ళు కూడా శ్వాసిస్తాయి. వాటికి మట్టి రేణువుల మధ్య గాలి కావాలి. నీరు ఇంకని బంకమట్టిలో, వేసవి వేడిలో రోజూ నీళ్ళు పోస్తే ఆ గాలి పోయి, వేళ్ళను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. (మా బడి తోటలో పిల్లలు పోటీపడి నీళ్ళు పోసి రెండు కలబంద మొక్కలను ఇలాగే కుళ్ళబెట్టారు. వద్దని చెప్పవలసిన నేను ఆలస్యంగా చూశాను.) నాటిన మొదటి వేసవిలో మాత్రం వేళ్ళు లోతుకు దిగేదాకా నీరు పెట్టాలి. ఆ తరువాత ఎప్పుడో ఒకసారి నేల లోతుగా తడిస్తే చాలు. ఎరువు అక్కరలేదు. వేస్తే కొమ్మలు ఏపుగా పెరిగి వాలిపోతాయి. పూలయ్యాక చలికాలంలో నేలకు బెత్తెడు ఎత్తున కోసేస్తారు. పురుగుమందు చల్లకూడదు. హమ్మింగ్ పక్షులకు మాంసకృత్తులు దొరికేది చిన్న పురుగుల నుంచే.

2012 నుంచి 2016 వరకు కాలిఫోర్నియాలో పెద్ద కరువు వచ్చింది. 2015 ఏప్రిల్‌లో గవర్నరు జెర్రీ బ్రౌన్ పట్టణాల్లో నీటి వాడకాన్ని నూటికి 25 పాళ్ళు తగ్గించాలని ఆజ్ఞ జారీచేశాడు. ఎందరో తమ ఇళ్ళముందున్న పచ్చికను పెకలించారు. కొందరు ఆ చోట కంకర పరిచారు. కొందరు ఇలాంటి మొక్కలు నాటారు. ఈ రెంటికీ నీటి ఖర్చులో తేడా కొద్దిగానే. ఆగస్టులో దక్షిణానికి పోయే 3.5 గ్రాముల బాటసారికి మాత్రం ఆ తేడా చాలా పెద్దది. మీ బంధువులెవరైనా అక్కడ ఉంటే వారి ఇంటిముందు ఏముందో ఉత్తరం రాసి అడగండి.

హమ్మింగ్ పక్షులు మన దేశంలో లేవు. మన తోటల్లో పూలచుట్టూ తిరిగేది తేనెపిట్ట. ఇది వేరే కుటుంబానికి చెందినది. అది ఎక్కువగా కొమ్మమీద వాలే తాగుతుంది. అయితే మెక్సికో నుంచి వచ్చిన రసేలియా అనే మొక్క మన ఇళ్ళముందు, పార్కుల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. సన్నని పచ్చని కాడలు గుత్తులుగా కిందికి వంగి ఉంటాయి. వాటినిండా గొట్టాల్లాంటి ఎర్రని పూలుంటాయి. ఆకులు పొలుసులంతగా చిన్నవైపోయాయి కాబట్టి, ఆహారాన్ని ఎక్కువగా కాడలే తయారుచేస్తాయి. దాని దగ్గర ఒక ఉదయం కదలకుండా కూర్చోండి. తేనెపిట్ట వస్తే ఎక్కడ వాలుతున్నదో, నుదుటికి పుప్పొడి అంటుతున్నదో, లేక పువ్వు మొదట్లో రంధ్రం పొడిచి దొంగచాటుగా తాగిపోతున్నదో చూసి రాసిపెట్టుకోండి.