పొలం అమ్మి ఫ్లాట్ కొందామనుకున్నాం.. జమ్ము ఆపింది!

‘మేడమ్, సార్ ఎప్పుడొస్తారు?’

ఫ్లాట్ చూడ్డానికి వెళ్లిన ప్రతిచోటా నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఇదే. సార్ ఎవరూ లేరు, కొనేది నేనే అని చెబితే సేల్స్ కుర్రాడు ఓసారి నా వెనక్కి చూసి, ఆ తర్వాత బ్రోషర్ తీసేవాడు.

నా వయసు 28. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేళ్లలో నాలుగు అద్దె ఇళ్లు మారాను. అద్దె పెంచుతున్నానని ఓనర్ వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టిన రోజే, ఇక సొంతిల్లు కొనేద్దామని డిసైడైపోయా. అప్పట్నుంచి ఎనిమిది నెలలుగా వీకెండ్ అంటే సైట్ విజిట్టే. మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి, తెల్లాపూర్.. తిరగని రోడ్డు లేదు.

80 లక్షలంటే 80 కాదు

బాచుపల్లిలో ఓ డబుల్ బెడ్‌రూమ్ నచ్చింది. 1,250 చదరపు అడుగులు, అడుగు 6,400. మొత్తం 80 లక్షలు. మోడల్ ఫ్లాట్‌లో సోఫా, కర్టెన్లు, గోడకు ఏనుగు బొమ్మ.. అన్నీ చూసి మురిసిపోయా. ఇంటికొచ్చి లెక్క వేస్తే మురిపెం సగమైంది.

1,250 అనేది సూపర్ బిల్టప్ ఏరియా. లిఫ్టు, మెట్లు, కారిడార్‌లో మన వాటా కూడా అందులోనే ఉంటుంది. మనం చాప పరుచుకోగలిగేది కార్పెట్ ఏరియాలోనే. బిల్డర్ చెప్పి తీరాలని రెరా చట్టం అంటున్నది ఈ కార్పెట్ ఏరియానే. లోపలి గోడలు ఇందులోకి వస్తాయి, బయటి గోడలు, బాల్కనీ రావు. గట్టిగా అడిగితే 870 అన్నారు. అంటే నేను వాడుకునే అడుగు ఒక్కోటీ 9,200 దగ్గర పడుతోంది.

ఇక బ్యాంకు సంగతి. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు హోమ్ లోన్ అయితే ఇంటి ధరలో 80 శాతం వరకే ఇవ్వాలన్నది ఆర్‌బీఐ రూలు. అంటే 64 లక్షలు. మిగతా 16 నా చేతి నుంచే. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ కాబట్టి 5 శాతం జీఎస్టీ, మరో 4 లక్షలు. తాళం చేతికి రాకముందే 26 లక్షలు కావాలి. నా సేవింగ్స్ 11!

ఆ 64 లక్షల లోన్‌కి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లంటే ఈఎంఐ దాదాపు 55,500. మొత్తం కట్టేది కోటీ 33 లక్షలు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

‘అడుగు 4,200కే మేడమ్!’

సరిగ్గా అప్పుడే వచ్చింది ప్రీలాంచ్ ఆఫర్. ఔటర్ రింగ్ రోడ్డు అవతల, అదే 1,250 అడుగులు, అడుగు 4,200కే. ‘డబ్బంతా ఒకేసారి కట్టాలి, ముందు భూమిలో మీ వాటా రిజిస్టర్ చేస్తాం, ఈ నెలాఖరు వరకే ఈ రేటు’ అన్నారు. 52 లక్షల 50 వేలు. లోన్ లేదు, ఈఎంఐ లేదు. ఆశ పుట్టింది.

తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్నకు ఫోన్ చేశా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అడిగారు..

‘ఏమ్మా, కాలవ పక్క మాగాణి బేరం పెట్టమంటావా?’

ఆ యాభై సెంట్లు తాతయ్య నాటివి. వద్దని చెప్పలేదు నేను. నిజం చెప్పాలంటే, ఆయనే ఆ మాట అనాలని ఎదురుచూశా. ఇప్పటికీ అది గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

నాన్న మాత్రం ఒక షరతు పెట్టారు: ‘నా పొలం అమ్మేముందు ఆ నేల ఒకసారి చూస్తా.’

మరుసటి ఆదివారమే వచ్చారు. సేల్స్ ఆఫీసులో త్రీడీ వీడియో వేసి, స్విమ్మింగ్ పూల్, క్లబ్ హౌస్ చూపించారు. నాన్న చూడలేదు. బయటికెళ్లి ప్రహరీ వెంబడి నడిచి, ఓ మూల ఆగిపోయారు.

‘ఇక్కడ జమ్ము మొలిచింది చూశావా? ఇది నీళ్లు నిలిచే నేలమ్మా. పల్లం ఇటే ఉంది.’

ఇంటికొచ్చి హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్ తెరిచా. మ్యాపులో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు, సరిగ్గా ఆ మూలనే తాకుతూ వెళ్లింది. దాని బయట బఫర్ జోన్‌లోనూ కట్టకూడదు. 10 హెక్టార్లు, ఆపై చెరువులకైతే అది 30 మీటర్లు. 2024 జులైలో హైడ్రా ఏర్పాటయ్యాక చెరువుల్లోని భవనాలను కూల్చడం అందరం ఫోన్లలో చూశాం. వాటిలోనూ ఎవరో ఒకరి నాన్న పొలం డబ్బు ఉండే ఉంటుంది.

రెరా నంబర్ అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది మేడమ్’ అన్నారు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా, రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వీళ్లు అడిగింది నూటికి నూరు!

రెరా ప్రాజెక్టు అయితే కొనేవాళ్ల డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో వేసి, ఆ ప్రాజెక్టు భూమికి, కట్టుబడికే వాడాలి. ప్రీలాంచ్‌లో ఆ కాపలా ఉండదు. 52 లక్షలకు రేటు తక్కువేం కాదు, ఆ రిస్కంతా మన నెత్తిన పెట్టి ఇచ్చే డిస్కౌంట్ అది.

మీరూ వెతుకుతున్నారా?

అడ్వాన్స్ ఇచ్చేముందు ఇవి చూడండి.

* రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నంబర్, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారో ఆ తేదీ.
* రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ. ఆ ఆస్తిపై పాత అమ్మకాలు, రిజిస్టరైన తనఖాలు తెలుస్తాయి.
* ఇల్లు పూర్తయిందంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. అది వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు.
* ధర 50 లక్షలు, ఆపై అయితే 1 శాతం టీడీఎస్ మినహాయించి కట్టాల్సింది కొనేవాళ్లే.
* లింకు డాక్యుమెంట్లు మీ సొంత లాయరుకు చూపించండి, బిల్డర్ చెప్పిన లాయరుకు కాదు.
* వాన పడ్డ మర్నాడు సైట్‌కి వెళ్లండి. బ్రోషర్ చెప్పనివి రోడ్డు చెబుతుంది.

నాకింకా ఇల్లు దొరకలేదు. ఇప్పుడు నిజాంపేటలో పదేళ్ల నాటి చిన్న ఫ్లాట్ ఒకటి చూస్తున్నా. క్లబ్ హౌస్ లేదు, మోడల్ ఫ్లాట్ లేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉంది. కాగితాలు లాయరు దగ్గరున్నాయి. లోన్ నా జీతంతోనే, డౌన్ పేమెంట్‌కి ఇంకో ఏడాది పొదుపు చేయాల్సి వచ్చినా సరే.

నిన్న నాన్న ఫొటో పంపారు. కాలవ పక్క యాభై సెంట్లలో నాట్లు పడ్డాయి.

‘నీ ఇంటికి బియ్యం ఇక్కణ్నుంచేనమ్మా’ అని వాయిస్ మెసేజ్.