అతుకు కనిపించని గోడ

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు టీవీ బిగిద్దామని గోడను తడితే డొల్లగా మోగుతుంది. లోపల ఇటుకా లేదు, సిమెంటూ లేదు. స్టడ్లనే నిలువు చెక్కలకు మరలతో బిగించిన అర అంగుళం పలక ఉంటుంది. రెండు దళసరి కాగితాల మధ్య జిప్సం. వేరుశనగకు ఊడలు దిగే వేళ మన రైతులు చేలో వేసే ఆ జిప్సమే. డ్రైవాల్ అనే ఈ పలకకు పేరు బాగానే వచ్చింది. దాన్ని గోడగా నిలబెట్టింది మాత్రం అతుకుల మీద వేసే రెండంగుళాల కాగితపు టేపు, దాని మీద పూసే ముద్ద. ఆ ముద్దను పనివాళ్లు మడ్ అంటారు.

పలక రాకముందు అక్కడి ఇళ్లలో సన్నటి చెక్క బద్దలను వరుసగా కొట్టి, వాటి మీద ప్లాస్టర్ మూడు పూతలు పూసేవారు. ఒక పూత గట్టిపడితే గానీ మరొకటి వేయడానికి లేదు. గోడలు ఆరేసరికి వారాలు గడిచేవి. 1894లో అగస్టీన్ సాకెట్ అనే ఆయన కాగితపు పొరల మధ్య ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పరిచిన పలకకు పేటెంటు పొందాడు. అది ముఖ్యంగా చెక్క బద్దల బదులు వాడుకోవడానికే. పైన పూత మామూలే. 1909లో ఆయన వ్యాపారాన్ని యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ కొన్నది. తర్వాత పలక అంచులను కాగితంతో చుట్టి మూయడం నేర్చారు. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక పనివాళ్ల కొరత మొదలైంది, కట్టడాల తొందర పెరిగింది. యుద్ధం ముగిశాక లెవిట్‌టౌన్ వంటి కాలనీలు వెలిశాయి. పూత పనికి ఇక ఎవరికీ తీరిక లేకపోయింది.

పైన పూత ఉన్నన్నాళ్లూ అతుకు ఎవరికీ సమస్య కాలేదు. పలకే గోడ అయ్యాక ప్రతి సందూ కంటికి కనబడుతుంది. దీనికి దొరికిన ఉపాయం నాకు ఎంతో ఇష్టం. పలక పొడవాటి అంచులను కొద్దిగా పలచన చేశారు. రెండు పలకలు పక్కపక్కన చేరినచోట లోతు లేని పల్లం ఏర్పడుతుంది. టేపూ ముద్దా ఆ పల్లంలో ఇమిడిపోయి, గోడ ఎత్తుకు సమానమవుతాయి.

ఉత్త ముద్దతో పూడిస్తే చాలదా? చాలదు. తేమను బట్టి చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. ఆరిన ముద్ద పెళుసు. ఆ లాగుడుకు వెంటనే పగులుతుంది. కాగితపు నారలు ఆ లాగుడును తట్టుకుంటాయి. టేపు నడిమధ్యన ముందే ఒక మడత గీత ఉంటుంది, గది మూలల్లో దాని వెంట మడిచి అతికిస్తారు.

ముద్దలో రెండు జాతులున్నాయి. డబ్బాలో కలిపి వచ్చేది నీరు ఆవిరైతేనే ఆరుతుంది. నీరు పోయినంత మేరా కుంచించుకుంటుంది కాబట్టి పలచగా, పలుమార్లు పూయాలి. పొడిగా దొరికే రెండో రకంలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఉంటుంది. నీళ్లు కలిపితే అది తిరిగి జిప్సం స్ఫటికాలుగా మారుతుంది. సూదుల్లాంటి ఆ స్ఫటికాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుస్తాయి. ఇరవై, నలభై అయిదు, తొంభై నిమిషాల్లో బిగిసే రకాలు సంచి మీద అంకెలతోనే దొరుకుతాయి. కొత్తవాళ్లు డబ్బా ముద్దతో మొదలుపెట్టడమే మేలు. గడియారం తరమదు.

పని ఇలా నడుస్తుంది. ముద్దను కాస్త నీటితో గట్టి పెరుగులా కలుపుకొని, ఆరంగుళాల బ్లేడుతో అతుకు పొడవునా పరుస్తారు. దాని మీద టేపును నొక్కి, బ్లేడును వాల్చి మధ్య నుంచి అంచులకు లాగుతారు. టేపు పక్కల నుంచి ముద్ద సన్నని తీగలా బయటికి రావాలి. రానిచోట టేపు కింద ముద్ద లేనట్టే. ఆరాక అక్కడ బుడగ లేస్తుంది. వెంటనే ఎత్తి, కింద ముద్ద నింపి, మళ్లీ నొక్కాలి. పూర్తిగా పిండేసినా కాగితం పట్టు దొరకక ఊడివస్తుంది. ఎంత ఉంచాలో చేతికి తెలియాల్సిందే, పుస్తకం చెప్పలేదు. ఆరాక పది అంగుళాల బ్లేడుతో రెండో పూత, ఆపైన పన్నెండుతో మూడోది. ప్రతిసారీ అంచులను ఇంకాస్త వెడల్పుగా, పలచగా లాగాలి. పొట్టి అంచులు కలిసేచోట పల్లం ఉండదు, టేపు ఉబ్బెత్తుగానే నిలుస్తుంది. అక్కడ ముద్దను రెండు మూడు అడుగుల వెడల్పున పరిస్తే కన్ను ఆ ఎత్తును పట్టలేదు. గోడకు ఆనించి దీపం పక్కగా వేస్తే మిగిలిన లోపాలు నీడలుగా బయటపడతాయి.

ఎమరీ కాగితంతో రుద్దేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆ దుమ్ములో సిలికా ఉండవచ్చు. మాస్కు పెట్టుకోవాలి, వీలైతే తడి స్పాంజితో నునుపు చేయాలి. ఒకప్పుడు ఈ ముద్దలో ఆస్బెస్టాస్ నారలు కలిపేవారు. ఆ ముద్దను రుద్దిన కార్మికులు ఆ దుమ్మునే పీల్చారు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించే భాగమిది. అమెరికా 1977లో ముద్దలో ఆస్బెస్టాస్ కలపడాన్ని నిషేధించింది. అంతకుముందు కట్టిన ఇంట్లో గోడ గీకాలంటే ముందు నమూనాను పరీక్షకు పంపాలి.

హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో జిప్సం పలకలతో వేసే ఫాల్స్ సీలింగులకూ ఇదే పద్ధతి. సీలింగులో అతుకు వెంట తిన్నటి పగులు కనిపిస్తే దాని మీద రంగు వేయడం వృథా. వదులైన ముద్దను గీకేసి, కొత్త టేపు పెట్టి, మూడు పూతలూ మొదటి నుంచి వేయాలి.